చర్చి కమిటీలోకి వచ్చిన మా చిన్నాకి

ఒరేయ్ చిన్నా,

మొన్న ఫోన్లో మన చర్చి కమిటీలోకి తీసుకున్నారు పెద్దమ్మా అన్నావు చూడు, ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదురా. కానీ ఆ వెంటనే ఫాల్స్ సీలింగ్ వేయిద్దాం, గోడలకి టైల్స్ పెట్టిద్దాం అన్నావే, అది అప్పట్నుంచీ మనసులో గుచ్చుకుంటానే ఉంది, అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు ఒక పని చెయ్యి. బుధవారమో గురువారమో మధ్యాహ్నం మూడింటికి, ఎవరూ లేనప్పుడు గుడిలోకెళ్ళి ఒక గంట ఊరికే కూర్చో, ఫోన్ తియ్యొద్దు. గుంటూరు ఎండ సంగతి నీకు నేను చెప్పాలా, మే నెల్లో కూడా లోపల ఎందుకు చల్లగా ఉంటదో అప్పుడు తెలుస్తుంది, అంత మందం గోడలు, అంత ఎత్తు కప్పు, వేడి గాలి పైకి పోయి పై వెంటిలేటర్లలోంచి బయటికి వెళ్ళిపోద్ది. సీలింగ్ వేశావంటే ఆ దారి మూసేసినట్టే, పైన వాన కారుతున్నా దూలాలకి చెదలు పట్టినా కిందకి కనపడదు. ఇంకా పాట సంగతి. మన కీర్తనల మీద రాగం తాళం అచ్చేసి ఉంటాయి కదా, మైకు లేకుండా నలుగురు ముసలాళ్ళు ఎత్తుకుంటే చాలు ఆ కప్పు అందుకుని గుడంతా తిప్పుతుంది. ఎత్తు తగ్గిస్తే అది పోతుందిరా.

గోడల విషయంలో మా కమిటీ అప్పుడు ఒక తప్పు చేసింది, నేనూ సరే అన్నదాన్నే. అవి గానుగ సున్నంతో కట్టిన గోడలు, బెల్లం నీళ్ళు కరక్కాయ నీళ్ళు పోసి గానుగలో రుబ్బిన సున్నం, నేల్లోంచి ఎక్కిన చెమ్మని మెల్లగా బయటికి వదిలేస్తాయి. మేం ఉత్తరం గోడకి సిమెంట్ పూత వేసి పైన ప్లాస్టిక్ పెయింట్ కొట్టించాం, నాలుగు వానాకాలాలు తిరిగేసరికి చెమ్మ లోపలే ఉండిపోయి ఉప్పు పొంగి పెచ్చులు పెచ్చులుగా రాలింది. టైల్స్ పెట్టినా అంతే. సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతుకు, దొరకడం కష్టమే, అయినా వెతుకు.

దేవుడు గోడల్లో ఉంటాడా పెద్దమ్మా అంటావు, నాకు తెలుసు. ఉండడు నాయనా. కానీ నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మీ అమ్మ ఆ మూడో స్తంభం పక్కన మోకాళ్ళ మీద రాత్రంతా ఉంది, నేను చూశాను, ఇప్పటికీ అక్కడికి పోతే నాకు ప్రార్థన దానంతటదే వస్తుంది. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు 1842 జులై 31న మన గుంటూరులో అడుగు పెట్టినప్పుడు ఆయనకి 49 ఏళ్ళు, భాష రాదు, ఎండ అలవాటు లేదు, అయినా ఉన్నాడు, మళ్ళీ 76 ఏళ్ళకి కూడా సముద్రం దాటి ఆంధ్రాకి వచ్చాడు. అలాంటోళ్ళు మొదలెట్టిన పనిలో మనకొక వంతు వచ్చింది, అంతే.

బీరువాలో పాత బాప్తిస్మం రిజిస్టర్లు, పెళ్ళి రిజిస్టర్లు ఉంటాయి, వాటిని లామినేషన్ చేయించొద్దు, సెల్లోటేప్ అంటించొద్దు, కాగితం పాడైపోద్ది. పేజీ పేజీ ఫోటో తీసి రెండు చోట్ల దాచు. మీ ముత్తాత పేరు అందులోనే ఉంది, నేను వేలు పెట్టి చూపిస్తా.

బలిపీఠం గుడ్డల రంగులు స్త్రీ సమాజం వాళ్ళని అడిగి నేర్చుకో, ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమల కాలానికి ఊదా, ఈస్టర్‌కి తెలుపు, పరిశుద్ధాత్మ పండగ పెంతెకొస్తుకి ఎరుపు, తర్వాత పచ్చ. గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు ధ్యానించేటప్పుడు మూడు గంటలసేపు ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడు, ముసలాళ్ళు పాపం లేవరు. ఈస్టర్ తెల్లారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు పట్టుకుని పాడుకునేటప్పుడు మాత్రం ఏ ఏర్పాటూ పెట్టుకోకు, నువ్వు కూడా అందరితో నిలబడి పాడు.

సరే, వచ్చే శనివారం సాయంత్రం ఐదింటికి గుడికి వస్తున్నా, ఇత్తడి సిలువ, దీపస్తంభాలు తోమాలి. చింతపండు నేను తెస్తా, పాత పంచె గుడ్డలు నువ్వు పట్రా.

మీ పెద్దమ్మ