ఒకసారి పాము కరిస్తే ఇమ్యూనిటీ వస్తుందా?

ప్రశ్న: మా బాబాయికి రెండేళ్ల క్రితం కట్లపాము కరిస్తే యాంటీవీనం (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కించారు. ఇక ఆయనకి విషం ఎక్కదని ఊళ్లో అంటున్నారు, నిజమేనా అండీ?

జవాబు: కాదండీ, దయచేసి నమ్మకండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తంలో తయారైన యాంటీబాడీలనే (విషాన్ని అడ్డుకునే ప్రొటీన్లు) మనకి యాంటీవీనంగా ఇస్తారు. అవి మన ఒంట్లో పుట్టినవి కావు కదా, కొన్ని వారాల్లో పోతాయి. పైగా మన ఇమ్యూన్ సిస్టమ్ ఆ గుర్రం ప్రొటీన్‌ని పరాయిదిగా గుర్తుపెట్టుకునే అవకాశం ఉంది, మళ్లీ ఎక్కిస్తే అలర్జీ రియాక్షన్ రావొచ్చు, అందుకే పాత సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. అలాగని భయపడి ఇంజెక్షన్ వద్దనొద్దు, రియాక్షన్ వస్తే అడ్రినలిన్ అనే మందుతో అదుపు చేస్తారు. మళ్లీ కరిస్తే మాత్రం నాటువైద్యం జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.