చంకన వేసుకున్నట్టే ఉండాలి

అమ్మడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన, బిడ్డని ఒంటికి కట్టుకుని ఎత్తుకునే రెండు క్యారియర్ల ఫోటోలూ చూశాను. "రెండిట్లో ఏది తీసుకోను పెద్దమ్మా, ఈ రాత్రికి ఆఫర్ అయిపోతుంది" అని రాశావు. రెండూ వద్దు. ఆఫర్ పోతే పోనీ. ఫోన్లో చెబితే మధ్యలో పాప ఏడుస్తుంది, నువ్వు సగం వింటావు. అందుకే ఓపిగ్గా కూర్చుని రాస్తున్నాను. పాప పడుకున్నప్పుడు చదువుకో.

ముందు మొదటి ఫోటో సంగతి. అందులో బిడ్డ కూర్చునే చోట గుడ్డ ఎంత సన్నగా ఉందో చూశావా? రెండు కాళ్ళ మధ్య గోచీలాగా ఒక పట్టీ, అంతే. బరువంతా దాని మీదే పడుతుంది, కాళ్ళు రెండూ కిందికి వేలాడుతుంటాయి. ఇప్పుడు మీ పక్కింట్లో ఏడెనిమిది నెలల పిల్లలెవరైనా ఉంటే, వాళ్ళ అమ్మ చంకన వేసుకున్నప్పుడు గమనించు. కాళ్ళు రెండూ ఎడంగా అమ్మ నడుముని కరుచుకుని ఉంటాయి. మోకాళ్ళు పిర్రల కంటే కాస్త పైకి ఉంటాయి. వీపు కొంచెం గుండ్రంగా ఉంటుంది. ఎదురుగా నిలబడి చూస్తే కప్ప కూర్చున్నట్టు కనిపిస్తుంది. బిడ్డ శరీరానికి హాయిగా ఉండే కూర్పు అదే. ఏ క్యారియర్ కొన్నా బిడ్డని అలా కూర్చోబెట్టాలి. ఒక మోకాలి మడత నుంచి రెండో మోకాలి మడత దాకా తొడల కింద గుడ్డ ఉండాలి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, పసిపిల్లల తుంటి కీలు ఇంకా ముదరలేదు. తొడ ఎముక గుండు ఒక గిన్నెలో కూర్చుంటుంది కదా, ఆ గిన్నె చాలావరకు మెత్తటి మృదులాస్థే. కాళ్ళు ఎడంగా మడిచి ఉంటే గుండు గిన్నెలో సరిగ్గా కూర్చుని, గిన్నె కూడా గుండ్రంగా పెరుగుతుంది. కాళ్ళు చాపి బిగించి ఉంచితే గుండు పక్కకి జరిగే ప్రమాదం ఉంది. జపాన్లో పసిపిల్లల కాళ్ళు చాపి గట్టిగా చుట్టవద్దని 1975లో దేశమంతా ప్రచారం మొదలుపెట్టారు. తరువాత అక్కడ తుంటి జారే సమస్య బాగా తగ్గిపోయింది. సన్న పట్టీ క్యారియర్లో ఓ పది నిమిషాలు ఉంటేనే ఏదో అయిపోతుందని నిన్ను భయపెట్టను. కానీ నువ్వు అడిగింది రోజూ వాడుకోవడానికి. రోజూ గంటా రెండు గంటలు వాడేదానికి అది పనికిరాదు.

మీ అమ్మ ఒక మాట అంటుంది, నాకు తెలుసు. "కాళ్ళు అలా ఎడంగా పెడితే దొడ్డికాళ్ళు వస్తాయి" అని. నువ్వూ నేనూ పుట్టినప్పుడు కూడా ఇదే మాట అన్నారు. పుట్టిన పిల్లలందరికీ కాళ్ళు కాస్త వంగే ఉంటాయి, నడక వచ్చి రెండేళ్ళు వచ్చేసరికి చాలామందికి వాటంతట అవే సర్దుకుంటాయి. చంకన వేసుకుంటే దొడ్డికాళ్ళు రావు. ఆ మాట నా పేరు చెప్పి మీ అమ్మకి చెప్పు. స్నానం చేయించాక రెండు కాళ్ళూ కలిపి గుడ్డలో బిగించి చుట్టడం కూడా ఇక మానేయమని చెప్పు.

ఇక రెండో ఫోటో. నడుముకి పీటలాంటిది కట్టుకుని దాని మీద బిడ్డని కూర్చోబెట్టేది, హిప్ సీట్. అది మంచిదే, కానీ పాపకి ఇప్పుడు రెండున్నర నెలలే. ఆరు నెలలు దాటి, ఎవరూ పట్టుకోకుండా తనంతట తను కూర్చోవడం వచ్చాక అది పనికొస్తుంది. దిగుతా, ఎక్కుతా అనే వయసు పిల్లలకి మరీ బాగుంటుంది. ఆ ఫోటోలో పాపని బయటికి, అంటే రోడ్డు వైపుకి తిప్పి కూర్చోబెట్టారు. అదీ ఇప్పుడు వద్దు. మెడ గట్టిగా నిలబడ్డాక కాసేపు అలా చూపించవచ్చు గానీ, నిద్ర పట్టగానే మళ్ళీ నీ వైపుకి తిప్పేయాలి. అలా తిరిగి ఉన్న బిడ్డ తల వాలినా నీకు కనిపించదు.

మరి ఏది కొనాలి? నీకైతే రెండు దారులు ఉన్నాయి.

ఒకటి రింగ్ స్లింగ్. రెండు మీటర్ల పొడవున్న నూలు గుడ్డ, ఒక చివర రెండు రింగులు. రెండో చివర రింగుల్లోంచి లాగి బిగించుకోవాలి. మడిస్తే హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. నెలల పిల్లని గుండెకి ఆనించి కట్టుకోవచ్చు, పెద్దయ్యాక చంకన కూర్చోబెట్టుకోవచ్చు. లోకం చూడాలనే పిల్లకి బయటికి తిప్పే కంటే చంక మీదే ఎక్కువ కనిపిస్తుంది, మన ముఖమూ కనిపిస్తుంది. నీకు ఆపరేషన్ కాన్పు కాబట్టి కుట్ల మీద ఏమీ ఒత్తుకోదు, అది ఇంకో సుఖం. లోపం ఏమిటంటే బరువంతా ఒకే భుజం మీద పడుతుంది. అరగంట, ముప్పావు గంట పనులకి బాగుంటుంది. ప్రతిసారీ భుజం మార్చి వేసుకోవాలి. రింగులు అతుకు లేనివి అయి ఉండాలి. క్యారియర్ల కోసమే చేసిన రింగులు కాకుండా ఫ్యాన్సీ షాపుల్లో దొరికేవి కుట్టినవి ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకు.

రెండోది బకిల్ క్యారియర్. నడుముకి వెడల్పాటి బెల్టు, భుజాలకి మెత్తటి పట్టీలు. దూరం నడవడానికి, మెట్లు ఎక్కడానికి, అల్లుడు ఎత్తుకోవడానికి ఇదే మేలు. కానీ సీటు వెడల్పు తగ్గించి పెంచుకునే వీలున్నది చూసుకో. వెడల్పు మారకపోతే ఇప్పుడు పాప కాళ్ళు మరీ ఎడమైపోతాయి, లేదా ఏడాదికి సీటు చాలదు. చాలా కంపెనీలు మూడు, మూడున్నర కిలోల నుంచి వాడవచ్చని రాస్తాయి. పాప ఐదు కిలోలు దాటింది కాబట్టి నీకు ఆ ఇబ్బంది లేదు.

సాగే గుడ్డతో పొడవుగా చుట్టుకునే స్ట్రెచీ ర్యాప్ కూడా ఉంది. ఇంచుమించు మన చీరంత పొడవు ఉంటుంది. చలికాలం పుట్టిన చిన్న పిల్లలకి చాలా హాయి. కానీ ఒంటి మీద మూడు పొరలు పడతాయి, మన ఎండలకి ఉడికిపోతారు. బిడ్డ బరువు పెరిగేకొద్దీ సాగి కిందికి జారుతుంది. నీకు వద్దు.

మన దేశంలోనే సోల్, అన్మోల్ లాంటి వాళ్ళు నూలు గుడ్డతో స్లింగులు, బకిల్ క్యారియర్లు చేస్తున్నారు. పేరు ఏదైనా గుడ్డ మాత్రం నూలుదే ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో నీకు ఇది బాగా తెలిసొస్తుంది. లోపల దట్టమైన ఫోమ్, పైన పాలిస్టర్ ఉంటే పది నిమిషాల్లో ఇద్దరికీ చెమటలు పట్టి పిల్లకి చెమటకాయలు లేస్తాయి. క్యారియర్‌ని కూడా ఒక చొక్కా కింద లెక్కేసుకో, లోపల పల్చటి జుబ్బా ఒక్కటే చాలు. వేడిగా ఉందో లేదో చేతులూ కాళ్ళూ పట్టుకుని చూడకు, మెడ వెనక చెయ్యి పెట్టి చూడు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఇది రెండుసార్లు చదువు.

జోలెలాగా బిడ్డని అడ్డంగా పడుకోబెట్టే స్లింగులు కొన్ని ఉంటాయి. అందులో పసిబిడ్డ ముడుచుకుపోయి గడ్డం గుండెకి ఆనుతుంది. అలా ఆనితే గాలి గొట్టం నొక్కుకుపోతుంది. మెడ నిలపలేని బిడ్డ తల ఎత్తలేదు, ఏడవను కూడా లేదు, చప్పుడే ఉండదు. అమెరికాలో వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ 2010 మార్చిలో ఈ స్లింగుల గురించి హెచ్చరిక ఇచ్చింది. నాలుగు నెలల లోపు పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి, బరువు తక్కువ పిల్లలకి ప్రమాదం ఎక్కువని చెప్పింది. కాబట్టి పాపని ఎప్పుడూ నిలువుగానే కట్టుకోవాలి. ముఖం నీకు ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి, దాని మీద చున్నీ గానీ పైట గానీ కప్పకూడదు. నువ్వు తల వంచితే నుదుటి మీద ముద్దు పెట్టుకునేంత ఎత్తులో ఉండాలి. గడ్డం కింద నీ రెండు వేళ్ళు పట్టాలి. గుడ్డ నీ ఒంటికి బిగుతుగా ఉండాలి. పాప తల వెనక చెయ్యి పెట్టి కొంచెం ముందుకి వంగి చూడు, నీ గుండె మీద నుంచి ఎడంగా జారితే ఇంకా బిగించాలని అర్థం. క్యారియర్లోనే పాలు పట్టినా, అయిపోగానే మళ్ళీ పైకి జరిపి నిలువుగా సర్దు.

నేను పిల్లల వార్డులో నర్సుగా ఉన్నప్పుడు బరువు తక్కువ పిల్లలని తల్లుల గుండెకి ఆనించి గుడ్డతో కట్టేవాళ్ళం. కంగారూ కేర్ అంటారు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి అది. కిలోన్నర పిల్లలు తల్లి గుండె వేడికి తేరుకోవడం నా కళ్ళతో చూశాను. అందుకే ఎత్తుకుంటే అలవాటైపోతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అలవాటైతే అవనీ, కొన్నాళ్ళు పోతే మనం రమ్మన్నా రారు.

పాడేరులో రెండేళ్ళు పనిచేసినప్పుడు సంతకి వచ్చే ఆడవాళ్ళని చూసేదాన్ని. నెత్తి మీద తట్ట, గుడ్డలో వీపుకో పక్కకో కట్టుకున్న బిడ్డ, కొండదారిలో గంటల తరబడి నడక. వాళ్ళు ముడి వేసేటప్పుడు ఎప్పుడూ గుడ్డని బిడ్డ పిర్రల కింద దాకా పరిచి, మోకాళ్ళు పైకి సర్ది, అప్పుడు లాగేవాళ్ళు. ఎన్నో ఏళ్ళ తరువాత మా అమ్మాయి కాన్పుకి న్యూజెర్సీ వెళ్ళినప్పుడు అక్కడ పార్కులో ఒక అమ్మాయి నాకు బకిల్ క్యారియర్ వేసుకోవడం చూపిస్తూ అచ్చం అదే చేసింది. అంతకు ముందు నేను ఆ క్యారియర్ని నాలుగు రోజులు వాడి, నడుమూ భుజాలూ లాగేసి, వద్దు పొమ్మని పక్కన పడేశాను. వస్తువులో దోషం లేదు, నేను నడుము బెల్టు తుంటి మీదికి దించి పెట్టుకుంటున్నాను. బొడ్డు దగ్గరికి జరిపి బిగించేసరికి బరువు భుజాల మీద నుంచి నడుము మీదికి దిగింది. భుజం పట్టీలని వెనక కలిపే అడ్డపట్టీ మెడ దగ్గర కాకుండా వీపు మధ్యకి దించాం. ఆ తరువాత మనవడితో రోజూ అరగంట నడిచాను. కాబట్టి నొప్పి వస్తే కొత్తది కొనే ముందు బెల్టు ఎక్కడ ఉందో చూసుకో. నీ కుట్ల సంగతి మాత్రం వేరు. డాక్టరమ్మ సరే అనే వరకు నడుము బెల్టు వద్దు.

కొనే ముందు ఇంకొకటి చూడు. నువ్వొక్కదానివే ఇంట్లో ఉన్నప్పుడు ఎవరి సాయం లేకుండా వేసుకోగలగాలి. మెడ వెనక బకిల్ పెట్టేవి చేయి అందని వాళ్ళకి చాలా ఇబ్బంది. మీ అత్తగారికి భుజం పట్టేసిందన్నావు కదా, ఆవిడా ఎత్తుకునేలా ఉండాలంటే పట్టీలు వీపు మీద అడ్డంగా దాటి పక్కన బకిల్ పడేది తీసుకో. అయితే ఆవిడ మెట్ల మీద మాత్రం కట్టుకోకూడదు.

మొదటిసారి పాపతో కాదు, రెండు కిలోల కందిపప్పు సంచీతో అద్దం ముందు కట్టి చూడు. చేయి తిరిగాక, పాప కడుపు నిండి హుషారుగా ఉన్నప్పుడు, మంచం పక్కన నిలబడి పాపతో కట్టుకో. మొదట పది నిమిషాలు చాలు. కట్టుకునే ముందు పైటకి పెట్టిన పిన్నీసు తీసేయి. మంగళసూత్రం గొలుసు వెనక్కి వేసుకో, లేకపోతే పిల్ల బుగ్గ మీద అచ్చు పడుతుంది. కింద వస్తువు తీయాలంటే నడుము వంచకు, మోకాళ్ళు వంచి కూర్చుని తీసుకో.

పొయ్యి దగ్గరికి మాత్రం క్యారియర్తో వెళ్ళకు. వేడి టీ కూడా తాగకు. అల్లుడి బండి మీద పాపని క్యారియర్లో కట్టుకుని కూర్చోవద్దు. సిగ్నల్ దగ్గర చాలామంది అలా కూర్చుని ఉండటం చూస్తే నాకు గుండె దడ పుడుతుంది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం నాలుగేళ్ళ లోపు పిల్లలకి బండి మీద సేఫ్టీ హార్నెస్, అంటే బిడ్డని బండి నడిపేవాళ్ళకి కట్టి ఉంచే పట్టీల జాకెట్టు ఉండాలి, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ ఉండాలి, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. క్యారియర్ ఆ హార్నెస్ కాదు. పాపకి ఇంకా మూడు నెలలు కూడా నిండలేదు, ఆటోలోనో కారులోనో వెళ్ళండి. కారులోనూ క్యారియర్, పిల్లల కోసం విడిగా బిగించే కార్ సీటుకి బదులు కాదు.

నేను ఆదివారం పొద్దున బస్సుకి తెనాలి వస్తున్నాను. నా దగ్గరున్న రింగ్ స్లింగ్, మా అమ్మాయి వదిలేసి వెళ్ళిన బకిల్ క్యారియర్ రెండూ ఉతికి తెస్తాను. అల్లుడిని కూడా ఉండమను. ఇద్దరూ చెరో అరగంట వేసుకుని ఇంట్లో తిరిగి చూడండి, ఏది హాయిగా ఉందో మీకే తెలుస్తుంది. అప్పటిదాకా డబ్బు కట్టకు.

పాపకి ముద్దులు.

మీ పెద్దమ్మ
గుంటూరు