అస్తిత్వవాదానికీ క్రైస్తవ దృక్పథానికీ అసలు తేడా ఎక్కడ?

అస్తిత్వవాదం (మనిషి ఉనికి, స్వేచ్ఛ, బాధ్యతల గురించి ఆలోచించే తాత్విక ధోరణి) క్రైస్తవ విశ్వాసానికి పూర్తిగా వ్యతిరేకమా అంటే, కాదు. దానికి ఆద్యుడిగా చెప్పుకునే డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ (1813–1855) స్వయంగా గట్టి క్రైస్తవుడు. ఆయన గొడవంతా డెన్మార్క్ చర్చిలో మొక్కుబడిగా మారిపోయిన భక్తితోనే.

పేచీ నాస్తికుడైన ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్‌తో మొదలవుతుంది. 1945లో పారిస్‌లో ఇచ్చిన ప్రసంగంలో ఆయన కాగితాలు కోసే కత్తిని ఉదాహరణగా తీసుకున్నాడు. అది దేనికి పనికొస్తుందో తయారుచేసేవాడికి ముందే తెలుసు. మనిషిని అలా ముందే అనుకుని చేసినవాడెవడూ లేడు కాబట్టి, మనిషి ముందు ఉనికిలోకి వస్తాడు, తానేమిటో తర్వాత తన పనులతో తానే తేల్చుకుంటాడు అన్నాడు. క్రైస్తవం సరిగ్గా ఇక్కడే అడ్డు చెబుతుంది. బైబిల్లోని ఆదికాండం ప్రకారం దేవుడు మనిషిని తన స్వరూపంలో సృష్టించాడు. అంటే జీవితానికి అర్థం మనం కల్పించుకునేది కాదు, దేవుడి నుంచి అందుకునేది.

స్వేచ్ఛ విషయంలో మాత్రం మరీ అంత దూరం లేదు. నిర్ణయం తీసుకునే బాధ్యత, దాంతో వచ్చే టెన్షన్ రెండుచోట్లా ఉన్నాయి. మరి తప్పు చేస్తే? సార్త్ర్ ప్రకారం ఆ భారం పూర్తిగా మనదే, పైనుంచి క్షమించేవాడు లేడు. క్రైస్తవంలో పశ్చాత్తాపానికి క్షమాపణ, కృప ఉన్నాయి. నాకైతే దేవుడున్నాడా లేడా అన్న వాదన కంటే ఈ తేడానే పెద్దదనిపిస్తుంది.