కొడుకు పెన్షన్ సరే, వాణ్ణి చూసుకునే తల్లి సంగతేంటి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. మా అబ్బాయికి 16 ఏళ్లు. పుట్టినప్పటి నుంచీ సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం కూడా ఉంది. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 85 శాతం అని వేశారు. నెలకు 6,000 రూపాయల పెన్షన్ వస్తోంది. వాడి కోసం నేను కుట్టుపని మానేసి ఐదేళ్లయింది. నా వయసు 35. మా ఆయన రోజుకూలీ మీద పెయింటింగ్ పనికి వెళ్తారు. వాణ్ణి చూసుకుంటున్నందుకు ప్రభుత్వం నాకు విడిగా ఏమైనా ఇస్తుందా? పెన్షన్‌లోంచి నెలకు 2,000 చీటీ కట్టమని మా ఆడపడుచు అంటోంది. కట్టమంటారా?

జవాబు: అమ్మా, మొదటిదానికి సూటిగా చెప్తాను. మీ పేరు మీద వచ్చేది ఏమీ లేదు. జీతం లేకుండా చూసుకునే తల్లిదండ్రులు కూడా సంరక్షకులేనని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఒప్పుకుంది. ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షణ భత్యం ఉండాలని 24వ సెక్షన్‌లో రాశారు కూడా. కానీ ఆ భత్యం దివ్యాంగుల పేరునే తప్ప చూసుకునే మనిషి పేరున కాదు. అది కూడా ప్రభుత్వాలు తమ స్తోమతను బట్టి పెట్టేది. నన్నడిగితే ఇది చట్టంలో ఉన్న పెద్ద లోటు. ఇల్లంతా మీ నడుం మీద నిలబడి ఉంటే, లెక్కల్లో మాత్రం మీరు ఖాళీగా ఉన్న మనిషి.

కాబట్టి మీ రక్షణ ఆ 6,000 లోంచే చూసుకోవాలి. ఈ మాట చెప్తే ‘వాడి డబ్బు నేను వాడుకోవడమా’ అని చాలామంది తల్లులు నొచ్చుకుంటారు. రేపు మీకు జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకుంటే మీ ఆయన పని మానుకుని ఇంట్లో కూర్చోవాలి. అంటే కూలి పోతుంది. మీరు బాగుండటం వాడి ఖర్చులో భాగమే అనుకోండి.

ముందుగా బ్యాంకుకు వెళ్లి మీ ఇద్దరి పేరునా జీవన్ జ్యోతి, సురక్ష బీమాలు రాయించండి. జీవన్ జ్యోతికి ఏడాదికి 436, సురక్షకు 20. ఇద్దరికీ కలిపి 912 రూపాయలు. ఏ కారణంతో పోయినా మొదటిదాంట్లో 2 లక్షలు వస్తాయి, ప్రమాదమైతే రెండోది మరో 2 లక్షలు ఇస్తుంది. నిచ్చెనలెక్కే మనిషికి రెండోది తప్పనిసరి. బీమా ఏడాది జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు ఉంచండి. ఖాతా ఖాళీగా ఉండి బీమా ఆగిపోయిన పాస్‌బుక్కులు నా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి.

రెండోది, మీ పేరున అటల్ పెన్షన్. 35 ఏళ్లకు చేరితే నెలకు 543 కడితే 60 దాటాక నెలకు 3,000 వస్తుంది. మీ తర్వాత మీ ఆయనకు అంతే వస్తుంది. 40 దాటితే చేర్చుకోరు, ఆలస్యమైన కొద్దీ కట్టేది పెరుగుతుంది. అరవై ఏళ్ల వయసులో, నలభై దాటిన కొడుకును ఎత్తి కూర్చోబెడుతూ మీరు ఎవరి దగ్గరా చెయ్యి చాపకూడదని ఈ మాట చెప్తున్నాను.

చీటీ వద్దు. ఆడపడుచు మంచికే చెప్పి ఉంటుంది. కానీ పెన్షన్‌కు వెరిఫికేషన్లు ఉంటాయి, మధ్యలో ఒక నెల ఆగినా చీటీ వాయిదా ఆగదు. పాట ముందే పాడుకుంటే మిగతా నెలలన్నీ అప్పు తీర్చినట్టే ఉంటుంది. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి, వాడి పిడికిలి విప్పి వేలిముద్ర పడేదాకా తంటాలు పడి నోట్లు చేతిలో పెడతారు కదా, వాటిలో 1,500 ఆ రోజే బ్యాంకులో వేయండి. ఇంట్లో ఉన్న నోటుకు కాళ్లొస్తాయి. ఆస్పత్రికో ఊరికో వెళ్లి రెండు నెలలు తీసుకోలేకపోయినా కంగారు పడకండి, మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తారు.

పెన్షన్ నిలబడాలంటే రెండు విషయాల్లో జాగ్రత్త. ఎవరో తక్కువకు ఇస్తున్నారని మీ పేరున కారు రాయించుకోవద్దు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటనివ్వద్దు. ఇక 15,000 పెన్షన్ సంగతి. పక్షవాతం లాంటి వాటితో పూర్తిగా మంచానికి, వీల్‌చైర్‌కు పరిమితమైనవారికి 2024 జులై నుంచి అంత ఇస్తున్నారు. మీ వాడి పరిస్థితి దానికి సరిపోతుందేమో సచివాలయంలో రాతపూర్వకంగా అడగండి. డాక్టర్లు తేల్చి, డబ్బు చేతికొచ్చేదాకా దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

ఇలాంటి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ నేషనల్ ట్రస్ట్. వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా గురించి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఏడాదికి లక్ష వరకు వైద్యఖర్చు ఇస్తుంది. చేరేముందు పరీక్షలేమీ ఉండవు. పేద కుటుంబాలకు మొదటిసారి 250, తర్వాత ఏటా 50 రూపాయలు. ఫిజియోథెరపీ ఖర్చు కూడా ఇందులో అడగొచ్చు. ముందు మీరు కట్టి తర్వాత బిల్లులు పంపాలి కాబట్టి, ప్రతి బిల్లూ ఒక కవర్లో దాచండి.

ఇంకో రెండేళ్లలో వాడికి 18 నిండుతాయి. చట్టం దృష్టిలో ఆ రోజుతో మీరు వాడి సంరక్షకురాలు కాకుండా పోతారు. తల్లినైనా సరే, వాడి బ్యాంకు ఖాతా మీద నా సంతకం చెల్లదంటే ఎలా అని చాలామంది కౌంటర్ దగ్గర నిలబడి అడుగుతారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన స్థానిక కమిటీ ఉంటుంది. 18 నిండగానే అక్కడ దరఖాస్తు పెట్టి చట్టబద్ధ సంరక్షకులుగా సర్టిఫికెట్ తీసుకోండి. దాన్ని చూపిస్తే బ్యాంకులు ఒప్పుకుంటాయి.

ఆ కాగితం మీ తర్వాత మరొకరి పేరున రావాల్సిన రోజు కూడా ఉంటుంది. మీ ఆడపడుచుకు వాడంటే ప్రేమ ఉన్నట్టుంది. చీటీ సంగతి పక్కన పెట్టి, ఆ బాధ్యత తీసుకుంటుందేమో తీరిగ్గా కూర్చుని ఆమెనే అడిగి చూడండి.