లీపు రోజు నిజంగా మనకు అదనంగా దొరికే రోజేనా?

లెక్క ప్రకారం కాదు. ఋతువుల చక్రం ఒకసారి పూర్తవడానికి సుమారు 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 46 సెకన్లు పడుతుంది. క్యాలెండర్ మాత్రం 365 దగ్గరే ఆగిపోతుంది. ఆ మిగిలిన గంటల్ని మనం ఎలాగూ గడిపేస్తూనే ఉంటాం, పద్దులో మాత్రం రాసుకోం. నాలుగేళ్లకు అవి 23 గంటల 15 నిమిషాలవుతాయి. ఆ పాత బాకీనే ఫిబ్రవరి 29గా జమ చేస్తాం. నిజానికి ఓ 45 నిమిషాలు ఎక్కువే వేసుకుంటాం. ఆ తేడా పేరుకోకుండా ఉండటానికే 1700, 1800, 1900లలో లీపు రోజు పెట్టలేదు, 2100లోనూ ఉండదు. 400తో భాగిస్తే శేషం రాదు కాబట్టి 2000లో మాత్రం వచ్చింది.

నెల జీతగాళ్లకైతే అదే జీతానికి ఇంకో రోజు పని. దాన్ని బహుమతి అనడం కాస్త అతిశయోక్తే!

అయినా ఆ రోజును ప్రత్యేకంగా గడపాలనుకుంటే బాగానే ఉంటుంది. నాలుగేళ్లకోసారి చేస్తే చాలనుకునే పనులకు వాడుకోండి: బీమా, బ్యాంకు ఖాతాల్లో నామినీ పేర్లు సరిచూడటం, ఫొటోలు సర్దడం, వచ్చే లీపు రోజున చదువుకోవడానికి మీకు మీరే ఓ ఉత్తరం రాసుకోవడం. 2028లో ఫిబ్రవరి 29 మంగళవారం పడుతోంది, సెలవు కావాలంటే ముందే అడిగి పెట్టుకోండి.