ఒకే మ్యూచువల్ ఫండ్‌కు డైరెక్ట్, రెగ్యులర్ అని రెండు ధరలు ఎందుకు?

ఏనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మగా వచ్చిన డబ్బును హన్మకొండలోని ఒక బ్యాంకు ద్వారా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టాలనుకుంటున్న మీరు, ఒకే ఫండ్‌కు రెండు యూనిట్ (ఫండ్‌లో ఒక వాటా) ధరలు ఎందుకున్నాయని అడిగారు. రెండింటి వెనుక ఉన్న షేర్లూ అవే, మేనేజరూ ఒక్కరే. తేడా ఖర్చులోనే ఉంది. రెగ్యులర్ ప్లాన్‌లో పంపిణీదారుకు, అంటే ఇక్కడ బ్యాంకుకు, మీ పెట్టుబడి ఉన్నంతకాలం కమీషన్ ముడుతుంది. దీనికి విడిగా రసీదు రాదు. ఫండ్ ఆస్తుల విలువ నుంచి ఏ రోజు ఖర్చు ఆ రోజు మినహాయించిన తర్వాతే యూనిట్ ధర ప్రకటిస్తారు కాబట్టి చాలామందికి అది కనిపించనే కనిపించదు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశంతో 2013 జనవరి నుంచి కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి.

ఈ కమీషన్ వల్ల ఏటా రాబడి 1 శాతం తగ్గుతుందనుకుందాం. 5 లక్షల రూపాయలు 20 ఏళ్లపాటు ఏటా 12 శాతం చొప్పున పెరిగితే సుమారు 48 లక్షలవుతాయి, 11 శాతమైతే దాదాపు 40 లక్షలే. ఇది లెక్క మాత్రమే, హామీ కాదు. డైరెక్ట్ యూనిట్ ధర ఎక్కువగా ఉందని అది ఖరీదైనదనుకోకండి. ఖర్చు తక్కువ కావడం వల్లే దాని విలువ ఎక్కువగా పెరిగింది.

మార్కెట్ పడినప్పుడు పక్కనుండి సలహా చెప్పే నమ్మకమైన మనిషి ఉంటే రెగ్యులర్ ప్లాన్‌కు అర్థముంది; దరఖాస్తు నింపి ఇచ్చినందుకే అయితే, నా అభిప్రాయంలో, అంత చెల్లించనక్కర్లేదు. వచ్చే వానాకాలం పంటకు కావలసిన డబ్బును మాత్రం ఏ ప్లాన్‌లోనైనా సరే, ఈక్విటీ ఫండ్‌లో, అంటే షేర్లలో పెట్టుబడి పెట్టే ఫండ్‌లో, పెట్టకండి.