పార్కులో కారవాన్లు దిగాయి, మరి రూల్స్ ఉండవా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాం. మా ఇంటి వెనక పార్కులో శనివారం ఏడు కారవాన్లు దిగాయి. ట్రావెలర్స్ అట, అంటే ఆ బండ్లలోనే కాపురముంటూ ఊరూరా తిరిగేవాళ్ళు. పోలీసులు ఎందుకు ఖాళీ చేయించరని మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. మనమే బయటి నుంచి వచ్చినవాళ్ళం, మనకెందుకు అంటారు మావారు. అసలు వీళ్ళకి రూల్స్ ఏమైనా ఉంటాయా? మా బాబు క్రికెట్ బంతి ఒక కారవాన్ కిందికి వెళ్ళి మూడు రోజులైంది. అక్కడ కుక్క ఉంది. నాకు టెన్షన్.
– ఒక పాఠకురాలు

జవాబు: ఉంటాయమ్మా. ఇరవై రెండేళ్ళుగా యార్క్‌షైర్‌లో ఉంటున్నదాన్ని, ఆ రూల్స్ రాసిన కాగితం నా కళ్ళతో చూశాను.

ముందు మీ గ్రూపు సంగతి. కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ) స్థలంలో అడక్కుండా బండి ఆపినంత మాత్రాన నేరం కాదు, అది సివిల్ తగాదా. ఆరు, అంతకు మించి బండ్లుంటే పంపించే అధికారం పోలీసులకు 1994 చట్టం ఇచ్చింది గానీ, వాడి తీరాలని లేదు. 2022లో ఇంకో చట్టం వచ్చింది. పెద్ద నష్టమో ఇబ్బందో కలిగించి, పొమ్మన్నా పోకపోతే 3 నెలల దాకా జైలు, 2,500 పౌండ్ల దాకా జరిమానా, బండి జప్తు. వాళ్ళకి బండంటే ఇల్లే, గుర్తుపెట్టుకోండి. కౌన్సిల్ అయితే ముందు మనిషిని పంపి, గర్భిణులున్నారా, జబ్బుపడినవాళ్ళున్నారా, పిల్లల బడి ఏమిటి అని కనుక్కుంటుంది. ఆ తర్వాతే కోర్టు మాట.

మీ లీడ్స్‌లోనే ఇంకో పద్ధతి పుట్టింది. తరిమేస్తే పక్క పార్కుకి వెళ్తారు, అక్కణ్ణుంచి ఇంకో పార్కుకి. దానికన్నా కూర్చుని మాట్లాడుకుని, ఫలానా తేదీ దాకా ఉండండి, ఈ షరతులు పాటించండి అనడం మేలని అక్కడి ట్రావెలర్ల సంఘం, కౌన్సిల్ కలిసి మొదలుపెట్టాయి. షరతులు ఊరూరికీ కొంచెం మారతాయి. చెత్త సంచుల్లో కట్టి చెప్పిన చోటే పెట్టాలి. పని మీద తెచ్చిన చెట్ల కొమ్మలు, తారు ముక్కలు పడేయకూడదు. కుక్కల్ని కట్టేయాలి, గుర్రాలు రోడ్డెక్కకూడదు. నేల మీద మంట వేయకూడదు. రాత్రి జనరేటర్ మోత ఉండకూడదు. ఒప్పుకున్న లెక్క కన్నా ఒక్క కారవాన్ కూడా పెరగకూడదు. చదువు రానివాళ్ళు కొందరుంటారు కాబట్టి కాగితం చేతిలో పెట్టి పోకుండా చదివి వినిపిస్తారు.

మీ గ్రూపు మర్చిపోయే సంగతి ఒకటుంది. ఆ కాగితానికి రెండో వైపు కూడా ఉంది. చెత్త డబ్బా, మరుగుదొడ్లు, నీళ్ళు కౌన్సిల్ ఇవ్వాలి. రెండేళ్ళ కిందట జూన్‌లో, కంబ్రియాలో జరిగే ఆపిల్‌బీ గుర్రాల సంతకి వెళ్తూ కొందరు మా పార్కులో ఆగారు. పెడతామన్న చెత్త డబ్బా ఐదో రోజుకి గానీ రాలేదు. నాలుగు రోజులూ వాళ్ళు నల్ల సంచులు మూతి కట్టి గేటు పక్కన వరసగా పెట్టారు. రాత్రుళ్ళు నక్కలు వచ్చి చింపేవి. తెల్లారేసరికి మావాళ్ళు ఫోటోలు తీసి గ్రూపులో పెట్టేవారు. నేను కూడా ఒకటి పంపాను, అబద్ధం ఎందుకు.

ఆ మధ్యాహ్నమే ఒకావిడ మా ఇంటి తలుపు తట్టింది. చేతిలో తళతళలాడే స్టీలు నీళ్ళ క్యాను, అచ్చం మన పాల క్యాన్ లాంటిది. నీళ్ళు పట్టుకోవచ్చా అంది. క్యాను నిండుతుంటే పక్కనున్న మనవడితో "పానీ" అని ఏదో చెప్పింది. నేను ఉలిక్కిపడ్డాను. వాళ్ళు రోమానీ జిప్సీలు. వెయ్యేళ్ళ కిందటే భారతదేశం నుంచి బయల్దేరిన జనం. నిప్పుని "యోగ్" అంటారు, మన అగ్నే. (ఐరిష్ ట్రావెలర్స్ వేరు, వాళ్ళు ఐర్లాండ్ వాళ్ళే. మీ పార్కులో ఉన్నది ఎవరో అడిగితే గానీ తెలియదు.) మర్నాడు నిండిన క్యాను మోయలేకపోతుంటే నేనే మోసుకెళ్ళాను. కారవాన్ మెట్టు దగ్గర రెండు గిన్నెలు. ఒకటి అంట్లకి, ఒకటి బట్టలకి. పొరపాటున కూడా కలపరట. కలిస్తే "మొకాడి", అంటే మైల. మా నాయనమ్మ మడి గుర్తొచ్చింది. మరుగుదొడ్డి వాళ్ళుండే చోట లోపల ఉండటం కూడా వాళ్ళకి నచ్చదు. అందుకే బయట పెట్టే మరుగుదొడ్డి ఆలస్యమైతే ఆ ఆడవాళ్ళ అవస్థ చెప్పనలవి కాదు.

ఇలా ఎందుకు ఆగాల్సి వస్తోందంటారా? కౌన్సిళ్ళు వీళ్ళకి స్థలాలు ఏర్పాటు చేయాలని 1968 చట్టం చెప్పింది, 1994లో ఆ బాధ్యత తీసేశారు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి జిప్సీ లేదా ఐరిష్ ట్రావెలర్ అని రాయించుకున్నవాళ్ళు 71,440 మంది. వాళ్ళలో చాలామంది మామూలు ఇళ్ళలోనే ఉంటారు.

మీరు చేయాల్సింది చెప్తాను. నిజంగా ఇబ్బంది ఉంటే, తేదీ, టైము రాసుకుని కౌన్సిల్‌కి ఫోన్ చేయండి. డబ్బా వచ్చిందా అని కూడా అప్పుడే అడగండి. మీ గ్రూపులో వాళ్ళని ఏవైనా తిట్టు మాటలతో పిలుస్తుంటే మీరు లైక్ కొట్టకండి. రోమానీ జిప్సీలు, ఐరిష్ ట్రావెలర్లు ఇక్కడి చట్టం కింద రక్షణ ఉన్న జాతులు, మనలాగే. "బయటి నుంచి వచ్చినవాళ్ళం" అనే మీవారికి అది కూడా చెప్పండి.

ఇక బంతి. సాయంత్రం మగవాళ్ళు పనుల నుంచి వచ్చాక బాబుని తీసుకుని వెళ్ళండి. తలుపు దాకా పోకుండా కుక్క తాడు అందనంత దూరంలో ఆగి, గట్టిగా హలో అనండి. ఎవరో ఒకరు తెచ్చిస్తారు. మూడు రోజులైందంటున్నారు కదా, ఆ పిల్లలు ఈపాటికి దాంతో ఆడుతూ ఉంటే మాత్రం ఇంకో బంతి పట్టుకెళ్ళాల్సి వస్తుంది.